మనిషి ఉన్నాడండి

అతను పోయాడన్న కబురు నాకు సింగపూరు నుంచి రాలేదు. బాపట్ల నుంచి వచ్చింది. అతని బావమరిది ఫోన్ చేసి, అక్కడి ఆసుపత్రిలోనే ప్రాణం పోయిందని, దహనం కూడా అక్కడే జరిపించారని, ఆదివారం బాపట్లలో తమ ఇంటి దగ్గర సంస్మరణ సభ పెట్టుకున్నామని చెప్పాడు. “మీరు తప్పకుండా వచ్చి మాట్లాడాలండి. ఆ రైలు రోజుల సంగతులు తెలిసినవాళ్లు మీరే కదా” అన్నాడు. వస్తానని చెప్పి, అలవాటు ప్రకారం వేళ, చిరునామా రాసుకున్నాను.

ఒక మనిషి పోయాడని తెలిసినప్పుడు ముందుగా ముఖం గుర్తుకు రావాలి. నాకు అతని కుడిచెయ్యి గుర్తుకు వచ్చింది.

ఉదయం బండి రేపల్లె స్టేషన్‌లోకి వస్తున్నప్పుడు తక్కినవాళ్లంతా పెట్టెల వెంట పరుగెత్తేవారు. అతను పరుగెత్తేవాడు కాదు. ప్లాట్‌ఫారం మీద కుళాయి పక్కన ఒకే చోట నిలబడేవాడు. జేబు రుమాలును పొడుగ్గా మడిచి, బరువు కోసం ఒక కొసకు చిన్న ముడి వేసి ఉంచుకునేవాడు. బండి వేగం తగ్గి, తాను అనుకున్న కిటికీ ఎదురుకు వచ్చిన క్షణాన, మోచెయ్యి కదపకుండా మణికట్టు మాత్రం విదిలించేవాడు. రుమాలు కిటికీ ఊచల సందులోంచి దూరి సీటు మీద పడేది. పడిందా లేదా అని తొంగిచూసే అలవాటు లేదు. అప్పటికే జేబులోంచి రెండోది తీస్తూ ఉండేవాడు.

పేరు రాయను. రేపల్లె బండిలో అతన్ని పేరుపెట్టి పిలిచినవారు లేరు, అందరికీ బావ. తెనాలిలో రైసుమిల్లులకు కావలసిన ఇనుప సామాను తయారుచేసే కార్ఖానాలో నక్షాలు గీసే ఉద్యోగం అతనిది. నేను తెనాలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. రోజూ కలిసి వెళ్లి కలిసి వచ్చే సీజన్ టికెట్టువాళ్లం కొందరం మిత్రమండలి అని ఒకటి పెట్టుకున్నాం. దానికి నేను కార్యదర్శిని. మండలి సమావేశమంటే ఏమిటో అనుకోనక్కరలేదు. బండి ఆలస్యమైన సాయంత్రాల్లో తెనాలి ప్లాట్‌ఫారం మీద నలుగురం బల్ల మీద కూర్చోవడమే. అయినా జరిగిన ప్రతి చర్చనూ రాసి, హాజరైనవారి సంతకాలు తీసుకునేవాణ్ణి. “పెళ్లాం కూర బాలేదన్నా రాసుకుంటాడు వీడు” అని మాస్టారు నవ్వేవారు.

మాస్టారంటే మాలో పెద్దవారు. హిందీ పండితులు. తెనాలి దాటి కొలకలూరు బడిలో పనిచేసేవారు. మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. ప్లాట్‌ఫారం గేటు దాటి పెట్టె దాకా నడిచి వచ్చేసరికి బండి సగం నిండిపోయేది. ఇంకొకావిడ ఉండేది, తెనాలిలో నర్సు. అందరం సిస్టర్ అనేవాళ్లం. చెరుకుపల్లి నుంచి ఆమె ఎక్కే బస్సు ఏ రోజూ వేళకు వచ్చేది కాదు. బావ రుమాళ్లు విసిరేది ఇలాంటివారి కోసం. తనకోసం కాదు. తాను తలుపు దగ్గర నిలబడి, ఎవరు ఏ స్టేషన్‌లో దిగుతారో, ఆ సీటు ఎవరికి చేరాలో నడిపించేవాడు. భట్టిప్రోలులో బిడ్డతో ఎక్కే తల్లికి ఇక్కడ, వేమూరులో ఎక్కే ముసలాయనకు అక్కడ. ఒకసారి సిగరెట్ పెట్టె అట్ట మీద మా పెట్టె నక్షా గీసి, సీట్లన్నిటికీ బాణపు గుర్తులు వేసి నాకిచ్చాడు. నేనెన్ని ఆఫీసుల్లో పనిచేశానో. అంత న్యాయమైన పంపకం మరెక్కడా చూడలేదు.

అన్ని రుమాళ్లూ ఉతికి ఇస్త్రీ చేసినవే. ఒక్కొక్కరికి ఒక్కో రంగు అంచు, మాస్టారిది ఆకుపచ్చ. “మా ఆవిడ అంటోంది అన్నయ్యగారూ, నీకున్నది ఒక్క ముక్కు, రుమాళ్లు ఇన్నా అని” అనేవాడు.

తెలియనివారు రుమాలు పక్కకు నెట్టి కూర్చోబోతే అతను కేకలు వేసేవాడు కాదు. దగ్గరకు వెళ్లి, చేతులు కట్టుకుని, నవ్వుతూ, “మనిషి ఉన్నాడండి” అనేవాడు. అంతే. ‘సీటు ఆపాం’ అనడు. ‘వస్తున్నారు’ అనడు. మనిషి ఉన్నాడండి. రుమాలు అతని దృష్టిలో గుడ్డ కాదు, రాబోయే మనిషి. ఒకసారి ఎవరో రాజకీయ నాయకుడి వెంట తిరిగే కుర్రవాడు దబాయిస్తే, అతను ఆ ఒక్క మాటనే అదే గొంతుతో మళ్లీ మళ్లీ అన్నాడు. చివరికి ఆ కుర్రవాడు లేచి, “నీతో పడలేం బాబూ” అని వేరే పెట్టెకు పోయాడు.

ఆ తరవాత అతను సింగపూరు వెళ్లాడు. ఓడలు బాగుచేసే యార్డులో నక్షాల పని. సాగనంపడానికి మేం రేపల్లె ప్లాట్‌ఫారం మీదికే వెళ్లాం. ఆ రోజు అతని సీటు కోసం రుమాలు వేసింది నేను. బయటే పడింది. “అన్నయ్యగారూ, మీరు రాతకోతల మనిషి. ఈ పని మీకు రాదు” అని నవ్వాడు.

సెలవు మీద మొదటిసారి వచ్చినప్పుడు మనిషి అదే, మాట మాత్రం మెత్తబడింది. బస్సులో టికెట్టు తీసుకుని కండక్టరుకు థాంక్స్ చెప్పాడు. కండక్టరు ఆగి, “ఏంటి సార్, చిల్లర ఎక్కువిచ్చానా?” అని సంచీ చూసుకున్నాడు. వేరుశనక్కాయల పొట్టు కాగితంలో పొట్లం కట్టి, చెత్తబుట్ట కోసం తెనాలి మెయిన్ రోడ్డంతా వెతికి, చివరికి ఇంటికి పట్టుకుపోయాడు. రోడ్డు దాటడానికి అంచున నిలబడి, వాహనాలు ఆగుతాయని చూశాడు. ఒక్కటీ ఆగలేదు. పక్కన మల్లెపూలు అమ్మే ముసలావిడ కాసేపు గమనించి, బుట్ట దించి, అతని చెయ్యి పట్టుకుని, “రా నాయనా, అవి ఆగవు. నువ్వు నడిస్తే అవే తప్పుకుంటాయి” అని అవతలి ఒడ్డుకు చేర్చింది. ఇవన్నీ మేం చెప్పుకుని నవ్వుకున్నాం. అతనూ నవ్వాడు, కాని కాస్త ఆలస్యంగా.

మాస్టారు ఉండబట్టలేక అడిగారు: “ఏమోయ్ బావా, జీతం ఎంతిస్తున్నారు?”

“అక్కడ అలాంటివి చెప్పుకోరు మాస్టారూ.”

“అక్కడ చెప్పొద్దులే. ఇక్కడ చెప్పు.”

అందరం పగలబడి నవ్వాం. అతను చెప్పలేదు.

ఆ తరవాతి రాకలో నవ్వు తగ్గింది. ఊరికి వచ్చిన రెండో రోజు నుంచే ముఖం చిట్లించుకుని తిరిగేవాడు. హారన్లు వింటే చెవులు మూసుకునేవాడు. బ్యాంకులో తన ముందు ఎవరో దూరితే ఆ కోపం మా దగ్గర సాయంత్రం దాకా చల్లారేది కాదు. “ఇన్నాళ్లూ ఇక్కడ ఎలా బతికానా అనిపిస్తోంది అన్నయ్యగారూ” అన్నాడు ఒకరోజు. నాకు ఆ మాట నచ్చలేదు. అయినా అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాను. మంచి క్రమశిక్షణ రుచి చూసినవాడికి మన గందరగోళం వెగటుగానే ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. క్రమమంటే నాకూ ఇష్టమే కదా.

అసలు సంగతి మూడోసారి వచ్చినప్పుడు జరిగింది. ముందే ఫోన్ చేశాడు: “పాపకి మన బండి చూపించాలి అన్నయ్యగారూ. అందరూ ఉండేట్టు చూడండి.” పాపంటే అతని కూతురు, అప్పుడు సింగపూరులోనే బడిలో చదువుతోంది. మాకు పండగే అయింది. మాస్టారు అప్పటికి రిటైరయ్యారు. మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. ఐనా బండి మానలేదు. తెనాలిలో ఒక అద్దె గదిలో పిల్లలకు హిందీ పరీక్షలకు తరగతి నడుపుతుండేవారు. ఉద్యోగం అయిపోయాక ఆయనను నిలబెట్టింది ఆ తరగతి. దానికి ఆధారం ఈ బండి.

ఆ ఉదయం రుమాళ్లు మా కుర్రవాళ్లలో ఒకడు వేశాడు. బావకూ పాపకూ కిటికీ పక్కన, ఎదురుగా మాస్టారికి. మేం ముగ్గురం ముందు ఎక్కాం. పాప కిటికీ దగ్గరకు వెళ్లింది. అంతలో చెవుల్లో వైర్లు పెట్టుకున్న ఒక యువకుడు వచ్చి, మాస్టారి సీటు మీది ఆకుపచ్చ అంచు రుమాలును చూసి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. అడిగితే చెప్పేవాళ్లం. అడిగేలోపే బావ వంగి, ఆ రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచాడు. “కూచోండి” అన్నాడు ఆ యువకుడితో.

“ఏంటయ్యా అది? మాస్టారు వస్తున్నారు” అన్నాను.

“ఇక్కడ మనిషి లేడు కదండీ. గుడ్డే ఉంది” అన్నాడు.

మొదట హాస్యమనుకున్నాను. అతని ముఖం హాస్యంగా లేదు. తన సీటు మీది రుమాలూ తీశాడు. పాపను లేపి, వెనక నిలబడినవాళ్లను కూర్చోమన్నాడు. మాస్టారు కర్ర ఊతతో లోపలికి వచ్చి, నా చేతిలోని రుమాలు చూసి, “ఏమోయ్ సెక్రటరీ, నాది ఉతికి పెట్టావా?” అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన సీటు వైపు చూశారు. యువకుడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. సిస్టర్ లేచి తన సీటు ఇవ్వబోయింది. “వద్దమ్మా, రోజంతా నిలబడి పనిచేయాల్సిన మనిషివి” అని మాస్టారు ఆమెను ఆపేశారు. నేనిచ్చినా తీసుకోలేదు. తెనాలి దాకా పైకడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నారు. జంపని దగ్గర బండి కుదుపుకు ఆయన మోకాలు మడత పడితే నేను నడుం పట్టుకున్నాను. బావ కూడా నిలబడే ఉన్నాడు, కిటికీలోంచి బయటకు చూస్తూ. తెనాలిలో మాస్టారు ఎవరికోసమూ ఆగకుండా దిగి వెళ్లిపోయారు.

ఆ వారం మండలి సమావేశానికి అతను రాలేదు, అందరూ అతని మీద విరుచుకుపడ్డారు. “పరాయి ఊరి నీతులు మన నెత్తిన రుద్దడానికి మాస్టారి మోకాళ్లే దొరికాయా ఆయనకి?” అంది సిస్టర్. అతని తరఫున మాట్లాడినవాణ్ణి నేనొక్కణ్ణే. మాట్లాడడమే కాదు, వాదించాను. అతను కోపంతో చేయలేదు, గొప్ప కోసం చేయలేదు; తానూ కూర్చోలేదు, కన్నబిడ్డనూ కూర్చోనివ్వలేదు; నమ్మినదాన్ని తన వాళ్ల మధ్య నిలబడి చేయడానికి గుండె కావాలి; ముందు వచ్చిన మనిషిని గుడ్డముక్క చూపించి నిలబెట్టడం, ఎంత మంచి పనికైనా, తప్పే. ఇలా వరసగా చెప్పి, తీర్మానం రాశాను: ఇకమీదట సభ్యులెవరూ రుమాలు వేసి సీటు ఆపరాదు. కొందరు సంతకం పెట్టారు, కొందరు పెట్టలేదు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. “అంటే ఇన్నేళ్లూ నేను కూచున్నది దొంగసీటన్నమాట” అన్నారు. “అలా కాదు మాస్టారూ” అన్నాను. కాగితం నా ఒళ్లో పెట్టి లేచారు. కొన్నాళ్లు నిలబడే తెనాలి వచ్చారు. ఆ తరవాత రాలేదు. హిందీ తరగతి మూతపడింది. దారిలో నేను కనిపిస్తే అవతలి పక్కకు వెళ్లేవారు. మండలి కూడా ఎంతోకాలం నిలవలేదు.

తీర్మానం సంగతి నేను సింగపూరుకు ఉత్తరం రాశాను. అతను వెంటనే ఫోన్ చేశాడు. “చాలా మంచి పని చేశారు అన్నయ్యగారూ. మన దేశంలో ఒక్కళ్లైనా మారారు” అన్నాడు. మాస్టారు తరగతి మానేశారని చెబితే, “అలవాటు పడతార్లెండి” అన్నాడు. ఆ మాటను కూడా నేను క్షమించాను. నమ్మకం గట్టిగా ఉన్నవాళ్లు కొంచెం కఠినంగా ఉంటారనుకున్నాను. ఆ తరవాత అతను ఈ వైపు రాలేదు. ఫోన్లు మాత్రం ఉండేవి.

ఈ లెక్కన బాపట్ల సభలో నేను ఏం మాట్లాడి ఉంటానో పాఠకులు ఊహించగలరు. అందరూ అతని మంచితనం గురించి చెప్పారు. నేను అతని నిజాయితీ గురించి చెప్పాను. ఆ రైలు సంగతి మొదలు నుంచి చివరి దాకా చెప్పి, “తనవాళ్ల కోపానికి వెరవకుండా న్యాయమని తోచినది చేసిన మనిషి. అందుకు నేనొక పెద్ద స్నేహాన్ని పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నందుకు విచారించను” అన్నాను. చప్పట్లు కొట్టారు. అతని భార్య కళ్లు తుడుచుకుంది.

సభ అయ్యాక అతని కూతురు నన్ను స్టేషన్‌కు దింపుతానంది. ఇప్పుడు ఆమె ఉద్యోగం చేస్తోంది. తండ్రి లాగే పొడగరి, తండ్రి లాగే నెమ్మది. బండి ఆలస్యమని తెలిసి, “కాఫీ తాగుదాం పెదనాన్నగారూ” అని స్టేషన్ దగ్గర హోటల్లోకి తీసుకువెళ్లింది. ఆదివారం కావడంతో కిటకిటలాడుతోంది. కౌంటరు దగ్గర టోకెన్ తీసుకుని, మనమే తెచ్చుకుని, చోటు వెతుక్కోవాలి. ఆమె ఒక ఖాళీ బల్ల చూసి, చేతిసంచీలోంచి చిన్న కాగితపు రుమాళ్ల ప్యాకెట్ తీసి దాని మీద పెట్టి, “రండి, ఇప్పుడు టోకెన్ తీసుకుందాం” అంది.

“అదేంటమ్మా, అక్కడ వదిలేశావు?”

ఆమె నవ్వింది. “అయ్యో, చెయ్యి అలవాటు పెదనాన్నగారూ. మా సింగపూర్లో అంతే కదా. భోజనాల దగ్గర టిష్యూ ప్యాకెట్ పెట్టేస్తే ఆ టేబుల్ మనదే. ఎంత రష్‌లో అయినా ఎవరూ కూచోరు.”

“ఎవరూనా?”

“ఎవరూ. పెద్ద పెద్ద ఆఫీసర్లైనా ప్లేటు పట్టుకుని వేరేచోటు చూసుకుంటారు. నాన్న ఇందులో ఎక్స్‌పర్ట్ తెలుసా? దూరం నించే ఇలా విసిరేవాళ్లు. కరెక్ట్‌గా టేబుల్ మధ్యలో పడేది. ఆఫీసువాళ్లంతా ఆయన్నే ముందు పంపేవాళ్లు.” మణికట్టు విదిలించి చూపించింది. మోచెయ్యి కదలలేదు.

నేను అక్కడి కుర్చీలో కూర్చున్నాను. “మరి ఎవరైనా తీసేస్తే?”

“తియ్యరండి. ఒక్కసారి ఎవరో టూరిస్టు, పాపం తెలీక, పక్కన పెట్టేసి కూచున్నాడు. నాన్న వెళ్లి, ఇలా చేతులు కట్టుకుని, నవ్వుతూ, ఇక్కడ మనిషి ఉన్నాడండి అని ఇంగ్లీషులో చెప్పారు. ఆయన సారీ చెప్పి లేచాడు.”

“ఇది ఎప్పటి మాటమ్మా? మీరు రేపల్లె బండి ఎక్కకముందా, తరవాతా?”

“ముందూ ఉంది, తరవాతా ఉంది. ఎప్పుడూ ఉన్నదే.” అని, ఏదో జ్ఞాపకం వచ్చి ఆమె ముఖం వెలిగింది. “మీరు ఇందాక స్టేజీ మీద చెప్పారే, ఆ రోజు బండిలో నేనే అడిగాను నాన్నని. ఇదీ మన టిష్యూ ప్యాకెట్ లాంటిదే కదా నాన్నా, ఎందుకు తీశావు అని.”

“ఏమన్నాడు?”

“నోరు ముయ్యమన్నారు.” నవ్వింది. “ఇంటికెళ్లాక మళ్లీ అడిగా. అది సిస్టమ్ అమ్మా, ఇది మోటుతనం అన్నారు. తేడా ఏంటి అంటే చెప్పలేదు. నీ ఫ్రెండ్స్‌కి మాత్రం ఈ రుమాళ్ల సంగతి చెప్పకు అన్నారు.” అప్పటికి నా ముఖం చూసిందనుకుంటాను. “నేనేమైనా తప్పు మాట్లాడానా పెదనాన్నగారూ?”

“లేదమ్మా. నీ తప్పేం లేదు” అన్నాను. కాఫీ తెచ్చింది. నేను తాగలేదు.

మనిషి మారితే నాకు అభ్యంతరం లేదు. పరాయి దేశం వెళ్లి, అక్కడి పద్ధతి మెచ్చి, మన పద్ధతిని తప్పుపట్టినవాడితో వాదించవచ్చు, ఓడిపోవచ్చు కూడా. నేను ఓడిపోయాననే అనుకున్నాను. ఇతను మారనే లేదు. రేపల్లె ప్లాట్‌ఫారం మీద నేర్చుకున్న విద్యనే అక్కడికి పట్టుకుపోయి, దానితోనే పదిమందిలో మెప్పు పొంది, ఆ విద్య నేర్పిన చోట మాత్రం దాన్ని అసహ్యించుకున్నాడు. అక్కడ కాగితానికి ఇచ్చిన గౌరవం ఇక్కడ మాస్టారికి ఇవ్వలేదు. తాను నిలబడడమూ, పాపను నిలబెట్టడమూ న్యాయం కోసం కాదు. మా పక్కన, మా రుమాళ్ల మీద కూర్చోవడానికి సిగ్గుపడి. ఆ సిగ్గును నేను సిద్ధాంతమని చదువుకున్నాను, పదిమంది చేత సంతకాలు పెట్టించాను. నేను రాసిన తీర్మానంలో ఒక్క మాట తప్పు లేదని ఇప్పటికీ అంటాను. దాన్ని నిలబెట్టిన మనిషే అబద్ధం. “చాలా మంచి పని చేశారు” అని ఫోన్‌లో అన్న ఆ పూట కూడా, మధ్యాహ్న భోజనానికి వెళ్లి ప్యాకెట్ విసిరే ఉంటాడు.

మర్నాడు రేపల్లెలో మాస్టారి ఇంటికి వెళ్లాను. ఎవరికి చెప్పాలో వారికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మాస్టారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. బాగా చిక్కిపోయారు. గేటు చప్పుడుకు తల ఎత్తి, కళ్లజోడు సవరించుకుని నన్ను గుర్తుపట్టారు.

“కార్యదర్శిగారా? ఏంటండి, ఇలా వచ్చారు?”

ఒరే అని, ఏమోయ్ అని పిలిచిన నోరు అది. ఆ ‘అండి’ నన్ను మెట్ల దగ్గరే ఆపేసింది. కూర్చోమంటారేమోనని చూశాను. అనలేదు. నిలబడే చెప్పాను. అతను పోయాడని చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపారు. బాపట్ల హోటల్లో విన్నదంతా, ఆ అమ్మాయి మాటలు ఆ అమ్మాయి మాటలుగానే, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెప్పడం అయ్యాక పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

“అయితే ఇప్పుడేంటండి? నన్ను మళ్లీ కూచోబెడతారా?”

“అది కాదు మాస్టారూ. అతను మనల్ని మోసం చేశాడు. మిమ్మల్నీ, నన్నూ.”

“నన్నెందుకు చేస్తాడండి? నేను వాణ్ణి నమ్మితే కదా!” ఆయన గొంతు పెరగలేదు. “ఆ రోజు రుమాలు తీస్తున్నప్పుడు వాడి మొహం మీరు చూశారా? నేను అప్పుడే గుమ్మంలోకి వచ్చాను, చూశాను. అది న్యాయం చేసేవాడి మొహం కాదు. బంధువులింట్లో చిరిగిన చాప కనబడితే అల్లుడు పెట్టే మొహం. బళ్లో ఇన్నేళ్లు పిల్లల మొహాలు చూశానండి, ఆ మాత్రం తెలీదా? వాడి మీద నాకు ఆ పూటే కోపం పోయింది. ఊళ్లో నిలవలేని మనిషి, వచ్చాడు, పోయాడు. నిలిచి ఉండేవాళ్లు మీరు. నా పక్కన రోజూ కూచునేవాళ్లు మీరు. న్యాయమని కాగితమ్మీద రాసి చదవమని నాకే ఇచ్చింది మీరు.”

నేను అతని మాట నమ్మి రాశానన్నాను. నమ్మడం నేరమా అన్నాను. ఈ కోపం చూపించవలసినది నా మీద కాదని, దానికి బదులు చెప్పవలసినవాడు చెప్పకుండానే తప్పించుకుపోయాడని, నిన్నటి సభలో వాడి నిజాయితీకి నా మాటలతోనే చప్పట్లు కొట్టించుకున్నాడని, కొంచెం గట్టిగానే అన్నాను. లోపలి నుంచి ఎవరో వచ్చి చూసి వెళ్లారు.

మాస్టారు నా మాట పూర్తయ్యేదాకా విన్నారు. తరవాత పేపరు విప్పి, చదువుతున్న చోటు వెతుక్కుంటూ, “ఎండ ఎక్కుతోంది. వెళ్లి రండి” అన్నారు.